ఇటుకల ఇంటి దర్వాజ

తొంభైల మధ్యలో ఒకరోజు హైదరాబాదు నుంచి ఇద్దరు విద్యార్థులు మా ఇంటికి వచ్చారు. ఇండ్లు కట్టే చదువు చదువుతున్నారట. ఎల్లారెడ్డి బజారు రోడ్డు మీద మిగిలిన పాత ఇండ్లను కొలిచి బొమ్మలు గీసుకొని రమ్మని వాళ్ల సారు పంపాడట. ఒకడి చేతిలో టేపు, ఇంకొకడి చేతిలో అట్ట. కొలవడం రానివాళ్లు టేపు పట్టుకుంటే నాకు మొదటి నుంచీ చిరాకే. నిజాంసాగర్ కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవాణ్ని. టేపు వదులుగా పడితే గోడ పొడుగు పెరుగుతుందని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. వీళ్లకూ చెప్పాను. చెప్పినా ప్రయోజనం లేదని ఒక కొస నేనే పట్టుకున్నాను.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్నీ కొలిచారు. గోడల మందం చూసి ఆశ్చర్యపోయారు. కమాను కింద నిలబడి ఫొటో తీసుకున్నారు. చివరికి ముందు గది పడమటి కొసన ఆగి, ఇంత మంచి దర్వాజను లోపలి నుంచి సిమెంటు గోడతో ఎందుకు మూశారని అడిగారు. వాస్తు అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు. అట్ట మీద రాసుకున్నారు కూడా.

నేను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. దానితో సంబంధం ఉన్నవాళ్లలో నేను తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు చెబితే నాకు బాధ కలగదా అంటే, అప్పుడే పెద్దగా కలగలేదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టని సంగతి.

మా ఇంటిని ఊరంతా ఇటుకల ఇల్లు అనేది. చుట్టూ అందరూ రాయీ మట్టీ పెట్టి కట్టుకున్న కాలంలో మా ముత్తాత మంజీర ఒడ్డు మట్టితో ఇటుక కాల్పించి కట్టాడట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అప్పట్లో నవ్వారట కూడా. ఆ ఇటుక ఇప్పటి ఇటుకలా ఉండదు. రెండు వేళ్ల మందం, జానెడు పొడుగు, పలకలా పలచగా ఉంటుంది. దాన్ని డంగు సున్నంతో పేర్చారు. సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, ఎద్దులతో రాతిచక్రం తిప్పించి రోజుల తరబడి నూరితే అయ్యేది డంగు సున్నం. ఏండ్లు గడిచేకొద్దీ అది రాయి అవుతుంది. గోడ మందం రెండడుగుల పైన ఒక అంగుళం. నేను చాలాసార్లు కొలిచాను.

ఇల్లు బజారుకు ఉత్తరం పక్కన, దక్షిణం మొహం పెట్టుకొని ఉంటుంది. ముందు వైపు రెండు మల్గీలు, అంటే రోడ్డు మీదికి తెరుచుకునే దుకాణపు గదులు. చౌరస్తా తూర్పున ఉంది కాబట్టి మల్గీలు తూర్పు వైపు పెట్టించి, ఇంట్లోకి పోయే దర్వాజను పడమటి కొసకు తోశాడు మా ముత్తాత. ఆయన దిక్కులు చూడలేదు, గిరాకీ చూశాడు. ఆ దర్వాజ మాత్రం గొప్పగా పెట్టించాడు. టేకు చట్రం, నాలుగున్నర అడుగుల వెడల్పు. పైన అర్ధచంద్రంలా తిరిగిన కమాను. కమానులో ఇటుకలు నిలువుగా, విసనకర్ర పుల్లల్లా పేర్చి ఉంటాయి. గడప దాటితే ముందు గది, అది దాటితే భవంతి. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. వాన పడితే నడిమి బండల మీద పడి, మూలన తూములోంచి తూర్పు సందులోకి పోయేది. ఆ సందు మాకూ పక్కింటికీ మధ్య మూడడుగుల ఇరుకు. అందులోకి మాకు తూము తప్ప ద్వారం లేదు, ఉండవలసిన అవసరమూ రాలేదు.

మల్గీలో బాపు, అంటే మా నాన్న, బట్టల దుకాణం నడిపేవాడు. నేను ఇంటర్ చదువుతుండగా బాపు పోయాడు. నాకు సర్కారు నౌకరీ దొరికింది. నాకంటే నాలుగేండ్లు చిన్నవాడైన తమ్ముడు చదువు మానేసి అదే మల్గీలో సైకిల్ ట్యాక్సీ పెట్టాడు. గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణాన్ని మా దగ్గర అట్లా అంటారు. వాడు నాలాంటివాడు కాదు. ఎవరితోనైనా మాట్లాడేవాడు, ఎవరినైనా నవ్వించేవాడు. ఇద్దరం కలిసి బజారులో నడిస్తే జనం వాణ్ని పలకరించి, ఆ తర్వాత నన్ను చూసి తలూపేవాళ్లు. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమెకు వాడంటే ప్రాణం. నాకది తెలుసు. తప్పు పట్టేదేమీ లేదు, నాకూ వాడంటే ఇష్టమే.

ఎనభైల చివర్లో వాడికి పొద్దున లేవగానే మొహం వాచడం మొదలైంది. తర్వాత కాళ్లు వాచాయి. కామారెడ్డి డాక్టరు చూసి హైదరాబాదు రాసిచ్చాడు. అక్కడ పది రోజులు ఉన్నాం. పదో రోజు డాక్టరు నన్ను ఒక్కణ్నే వరండాలోకి పిలిచి, రెండు కిడ్నీలూ ఎండిపోయాయని, చేయడానికి పెద్దగా ఏమీ లేదని, ఉప్పు మాన్పించి ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. ఎన్నాళ్లని అడిగాను. ఆరు నెలలు, మహా అయితే ఏడాది అన్నాడు. నేను సరే అన్నాను. కాంట్రాక్టరు ఫలానా తేదీకి పని పూర్తవుతుందంటే సరే అన్నట్టే అన్నాను. కామారెడ్డి దాకా రైల్లో వాడు కిటికీ పక్కన కూర్చొని ఊళ్లు చూస్తూ వచ్చాడు. నాకు ఏడుపు రావాలి కదా అనిపించింది. రాలేదు. ఎల్లారెడ్డి బస్సులో కూడా రాలేదు.

మందులు వాడితే తగ్గుతుందన్నారని అవ్వకు చెప్పాను. తమ్ముడికీ అదే చెప్పాను. అవ్వ నమ్మింది. వాడు నమ్మాడో లేదో తెలియదు. నమ్మినట్టు నవ్వాడు.

ఆ రోజుల్లో మా వైపు వాస్తు జ్వరం పట్టింది. కామారెడ్డిలో మెట్లు మార్చనివాడు లేడు, బావి పూడ్చనివాడు లేడు. వంటిల్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతే ఇంట్లో పోట్లాటలు ఆగుతాయని చదువుకున్నవాళ్లే చెప్పేవాళ్లు. తగ్గుతుందన్న వాపు నెలైనా తగ్గకపోయేసరికి అవ్వ కూడా ఒక వాస్తు ఆయనను పిలిపించింది. అంతకు ముందు ఆయన కామారెడ్డి బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. దిక్సూచి పట్టుకొని భవంతి నడుమ నిలబడి, ముందుకూ వెనక్కూ తిరిగి, చివరికి దర్వాజ వైపు చూసి నాలుక చప్పరించాడు. నైరుతిలో దర్వాజ ఉందని, అది ఇంటి మగపిల్లల్ని ఉండనివ్వదని అన్నాడు. నెలలోపల దాన్ని మూసి, తూర్పున సందులోకి కొత్త దర్వాజ తెరవాలట. మూయడమంటే తలుపులు దగ్గరికి వేయడం కాదట. గాలి కూడా దూరకుండా గట్టి గోడ కట్టాలట. కదిలించగలిగేది ఏదైనా మూసినట్టు కాదట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అవ్వ చేతులు కట్టుకొని విన్నది.

నాకు కోపం వచ్చింది. మా ముత్తాత ఈ దర్వాజలోంచే తిరిగి పండు ముసలివాడయ్యాకే పోయాడు కదా అన్నాను. గడియారాల ఆయన అవ్వ వైపు చూశాడు. ఆయన పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"నీకు నమ్మకం లేదు, నాకెర్కే. నమ్మకు. నా కోసం చెయ్యి బిడ్డా," అన్నది.

డాక్టరు మాట అప్పుడు చెప్పేసి ఉంటే ఆ దర్వాజ ఈ రోజుకీ తెరిచే ఉండేదేమో. చెప్పలేదు. చెబితే ఆమెకు చేయడానికి ఏమీ మిగలదు. ఏదో ఒకటి చేస్తూ ఉంటే ఆమె నిలబడగలదనిపించింది. అందుకే సరే అన్నాను. ఆ ఏడాది నేను అందరికీ సరే అన్నాను.

సున్నం పని తెలిసిన మేస్త్రీ మా చుట్టుపక్కల ఒక్కడే మిగిలి ఉన్నాడు. లింగంపేట నుంచి వచ్చేవాడు. ముసలాయన, ముక్కు మీద కోపం. మేము చాచా అనేవాళ్లం. మా కమాను తిప్పింది తన తాతేనని ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. సిమెంటు పోరగాండ్లంటే ఆయనకు పడదు. నీళ్లు పోస్తే గట్టిపడేది కూడా ఒక పనేనా అని తిట్టేవాడు. తూర్పు గోడ పగలగొట్టాలని చెప్పగానే నన్ను కూడా తిట్టాడు. సర్కారు నౌకరీ చేస్తూ గడియారాల వాడి మాట వింటావా అన్నాడు. తమ్ముడి సంగతి చెప్పాక తిట్టడం ఆపి, సుత్తె తీసుకున్నాడు.

ఆ గోడకు కన్నం పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఉలి మీద సుత్తె పడితే గుడి గంట కొట్టినట్టు మోగేది. సున్నం నుంచి ఇటుక ఊడిరాకుండా ఇటుకే నడుమకు విరిగేది. తమ్ముడు వసారాలో మంచం మీద పడుకొని, ఇల్లు మొత్తం కూలగొడితే జబ్బు ఇంకా తొందరగా పోతుందేమో చాచా అని ఆటపట్టించేవాడు. చాచా కూడా నవ్వేవాడు. విరగకుండా వచ్చిన ఇటుకల్ని ఒక్కొక్కటే దులిపి భవంతిలో పేర్చాడు. కొత్త దర్వాజ మూడడుగుల వెడల్పు వచ్చింది. దాని ఎదురుగా మూడడుగుల సందు, అది దాటితే పక్కింటి గోడ.

చట్రం నిలబెట్టేటప్పుడు టేపు పట్టింది నేనే. అప్పుడే నాకు తెలిసింది. మనిషి దాంట్లోంచి వచ్చి సందులోకి తిరగగలడు. బియ్యం బస్తా తిరగగలదు. ఏడడుగుల వెదురు పాడె తిరగదు. ఎటు వంచినా తిరగదు. వాస్తు చెప్పేవాళ్లు బతికే వాళ్ల కోసమే కొలుస్తారు, నేను రెండూ కొలిచాను. కొలిచి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ముందు దర్వాజ మూయాలి. అవ్వ గడపకు పసుపు రాసి, దండం పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. తలుపు రెక్కలు దగ్గరికి వేసి లోపలి నుంచి బేడెం పెట్టాం. తూర్పు గోడ ఇటుకలతోనే రెక్కల వెనక గోడ లేవాలి. చాచా తాపీ చేతిలోకి తీసుకొని నన్ను చూశాడు.

"దేంతోని కట్టాలె బేటా? సున్నమా, సిమెంటా?" అని అడిగాడు.

"మట్టితోని కట్టు చాచా," అన్నాను.

ఆయన వసారా వైపు, తమ్ముడి మంచం వైపు చూశాడు. రెండోసారి అడగలేదు. మట్టిలో నీళ్లు పోస్తూ, "మీదికెల్లి సున్నం పూస్త. కానరాదు," అన్నాడు.

సగం రోజులో అయిపోయింది. పైన సున్నం పూత తెల్లగా, నున్నగా వచ్చింది. సాయంత్రం అవ్వ వచ్చి అరచేత్తో నిమిరి చూసి, బాగా గట్టిగా ఉందని మెచ్చుకొని, చాచాకు టీ ఇచ్చింది. ఆయన సాసరులో పోసుకొని తాగి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ముందు గది చీకటయింది.

బజారు వాళ్లకు అలవాటు పడటానికి చాలా రోజులు పట్టింది. పోస్టుమాను వచ్చి మూసిన తలుపు కొట్టి కొట్టి పోయేవాడు. పెద్దకొడప్‌గల్ నుంచి మా మేనమామ పరామర్శకు వచ్చి, అరుగు మీద గంట సేపు కూర్చొని, ఇంట్లో ఎవరూ లేరనుకొని ఉత్తరం రాసి తలుపు సందులో పెట్టి వెళ్లాడు. లోపల మేమందరం ఉన్నాం. తమ్ముడు ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకొని నవ్వాడో.

నవ్వడానికి వాడికి ఓపిక కూడా వచ్చింది. అదే విచిత్రం. దర్వాజ మూసిన పదిహేను రోజులకు వాపు తగ్గింది. అన్నం తిన్నాడు. మల్గీలో కూర్చొని ఒక సైకిలుకు పంచరు కూడా వేశాడు. అది నేను మళ్లీ హైదరాబాదు పోయి డాక్టరుతో మార్పించిన మాత్రల గుణమని నాకు తెలుసు. కొన్నాళ్లు అట్లా ఉంటుందని ఆయన ముందే చెప్పాడు కూడా. అవ్వకు ఎవరు చెబుతారు? వాడకట్టు వాడకట్టంతా మా ఇంటికి వచ్చి తెల్లటి గోడను చూసి వెళ్లింది. గడియారాల ఆయన అడ్రసు రాసివ్వలేక నా చేతులు పడిపోయాయి.

సిగ్గు విడిచి ఒక మాట రాయాలి. ఆ రోజుల్లో నాకూ నమ్మకం కుదరసాగింది. పూర్తిగా కాదు. కాలువ గట్టు మీద నడుస్తుంటే, ఒకవేళ నిజమైతే అనిపించేది. నిజమైతే మట్టి పనికిరాదు కదా, కదిలించగలిగేది మూసినట్టు కాదన్నాడు కదా అనిపించేది. చాచాను పిలిచి సిమెంటుతో మళ్లీ కట్టిద్దామా అని రెండుసార్లు లింగంపేట బస్సెక్కబోయి ఆగిపోయాను. పగలగొడితే అవ్వ మట్టిని చూస్తుంది. ఎందుకు మట్టి పెట్టించావని అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గర ఒక్కటే ఉంది, అది ఆమెకు చెప్పలేను. రోజూ ఆ సున్నపు పూత పక్కనుంచి నడిచి, సందులోంచి బయటపడి ఆఫీసుకు పోయేవాణ్ని.

రెండు నెలలు కాగానే వాడు మళ్లీ పడ్డాడు. ఊపిరాడటం లేదంటే కామారెడ్డికి తీసుకుపోదామని జీపు మాట్లాడాను. మంచంతో సహా మోద్దామంటే మంచం సందులో తిరగలేదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి, పక్కింటి గోడకు గీరుకొని, చివరికి వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి తలుపులోంచి బయటికి వంచి తీశాం. వాడి మోచేయి గోడకు రాసుకొని తోలు లేచింది. నాలుగు రోజుల తర్వాత కామారెడ్డి నుంచి తిరిగి వచ్చాక, అవ్వ వంటింట్లో ఉన్నప్పుడు, నన్ను దగ్గరికి పిలిచాడు.

"అన్నా, ఇంకోసారి నన్ను గీ సందులకెల్లి తియ్యకు. ముందటి దర్వాజకెల్లే తియ్యి," అన్నాడు.

అప్పుడు వాడికి అంతా తెలుసునని నాకు తెలిసింది. ఏదైనా మాట్లాడాలి. ధైర్యం చెప్పాలి, లేకపోతే కలిసి ఏడవాలి. నేను సరే అన్నాను. వాడు నా చేతి మీద చెయ్యి వేసి, కాసేపటికి నిద్రపోయాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, అవ్వ జావ తాగిస్తుండగా పోయాడు. చెంచా ఆమె చేతిలోనే ఉంది. ఆమె అరుపు విని పక్కింటివాళ్లు వచ్చారు. సందులోంచి ఒక్కొక్కరే రావాల్సి వచ్చింది కాబట్టి ఇల్లు నిండటానికి చాలా సేపు పట్టింది. మధ్యాహ్నానికి బయట అరుగు ముందు పాడె కట్టారు. ఎటు నుంచి తీయాలని ఎవరో పెద్దమనిషి అడిగాడు. నేను వెనక నుంచి గడ్డపార తెచ్చాను.

పైన సున్నం పెచ్చు లేవగానే మట్టి కనిపించింది. గడ్డపార అవసరం కూడా పెద్దగా రాలేదు. ఇటుకలు చేతికి ఊడి వచ్చాయి. తూర్పు గోడలో నాలుగు రోజులు పట్టిన ఇటుకలు ఒక బీడీ కాల్చేంత సేపట్లో నేల మీద ఉన్నాయి. బేడెం తీసి రెక్కలు తెరిచాను. బజారులో జనం నిలబడి ఉన్నారు. పాడె లోపలికి తెచ్చి, వాణ్ని దాని మీద నాలుగున్నర అడుగుల దర్వాజలోంచి, ఎక్కడా తగలకుండా, తిన్నగా తీసుకుపోయాం. తలకొరివి నేనే పెట్టాను. అన్నీ సరిగ్గా చేశాను. ఎవరో నా భుజం పట్టుకొని ఏడ్చెయ్యి, మంచిది అన్నారు. ప్రయత్నించాను.

పదకొండో దినం అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. ఇటుకలూ మట్టిపెళ్లలూ భవంతిలో ఒక మూల కుప్పగా ఉన్నాయి. అవ్వ చీపురు పట్టుకొని అక్కడికి వెళ్లి, ఊడ్వకుండా నిలబడింది. ఒక ఇటుక ఎత్తి వేలితో గోకింది. దాని మీద చెంబుతో కొంచెం నీళ్లు పోసింది. మట్టి కరిగి వేళ్ల మీదికి వచ్చింది. జీవితమంతా ఇల్లు అలికిన మనిషికి మట్టిని ఎవరూ చూపించనక్కర్లేదు. ఆమె నా వైపు తిరిగింది.

"మట్టితోని కట్టుమని ఎవలు చెప్పిన్రు?" అని అడిగింది.

గొంతు పెంచలేదు. ఆమె ఏమనుకుంటున్నదో ఆ క్షణమే నాకు అర్థమైంది. గట్టిగా మూయమన్నారు, మూయలేదు, అందుకే కొడుకు పోయాడు. రెండు నెలలు బాగున్నది పైపూత వల్ల, మళ్లీ పడింది లోపలి మట్టి వల్ల. ఆమె లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నేను చెప్పానని చెప్పొచ్చు. డాక్టరు వరండా, రైలు, టేపు, అన్నీ చెప్పొచ్చు. నోరు తెరిచాను.

"నాకేమెర్క అవ్వా. మేస్త్రీ పని," అన్నాను.

అంత సులువుగా వచ్చింది ఆ మాట.

ఆమె చాచాను పిలిపించింది. ఆయన మర్నాడు వచ్చి, తెరిచిన దర్వాజలోంచి లోపలికి వచ్చాడు. అవ్వ కూర్చొమ్మనలేదు. మట్టితో కట్టింది నువ్వేనా అని అడిగింది. ఆయన కుప్పను చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు. నేను వసారా స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉన్నాను. నేను చెప్పడానికి ఆయన చాలా సమయం ఇచ్చాడు. కావలసినదానికంటే ఎక్కువ ఇచ్చాడు.

"అవునమ్మా, నేనే కట్టిన," అన్నాడు.

అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా కొడుకు నీకేం చేసిండని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది. బతికినన్నాళ్లూ ఆయన ఎదురైతే మొహం తిప్పుకునేది. నేను బయటి దాకా సాగనంపబోయాను. కమాను కింద ఆగి చాచా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆమె ముంగట నీ మాట నిలబెట్టిన. ఇగ నన్ను గీ ఇంటికి పిలువకు," అన్నాడు.

పిలవలేదు. ఆ తర్వాత ఎన్ని వానలకు ఎన్ని పగుళ్లు వచ్చినా ఆ గోడలకు సున్నం పని చేసేవాడు దొరకలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాడని విన్నాను. విని కూడా లింగంపేటకు పోలేదు.

ఆయన వెళ్లిన వారానికే అవ్వ సిమెంటు తెప్పించింది. నన్ను అడగలేదు. బాన్సువాడ రోడ్డు నుంచి ఒక పడుచు మేస్త్రీని పిలిపించి, రెక్కలు మూయించి, వాటి వెనక కొత్త ఇటుకతో గోడ లేపించింది. స్టూలు వేసుకొని ఎదురుగా కూర్చొని వరుస వరుసా చూసింది. ప్రతి వరుసకూ ఆపి, మాలు వేలితో నొక్కి, ఇంకొంచెం సిమెంటు కలపమన్నది. వాడు నవ్వుతూ కలిపాడు. గోడ లేచాక ఎన్ని దినాలు నీళ్లు పట్టాలని నన్ను అడిగింది. కాలువ పనిలో ఎట్లా చెబుతానో అట్లాగే ఇరవై ఒక్క రోజులని చెప్పాను.

ఇరవై ఒక్క రోజులు అయిపోయాయి. ఆమె ఆపలేదు. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి బిందె నడుముకెత్తుకొని వచ్చి, చెయ్యి అందినంత ఎత్తు నుంచి కింది దాకా గోడను చెంబుతో తడిపేది. నలభై రోజులు దాటాక ఒక సాయంత్రం చూడలేక, చాలు అవ్వా, అది ఎప్పుడో రాయి అయిపోయిందని చెప్పాను.

"నువ్వన్న ఉండాలె గద బిడ్డా," అన్నది, చెంబు ముంచుతూనే.

నేను లేచి వెళ్లి ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాను. ఆమెకు అందని పై వరుసలకు నేనే నీళ్లు పోశాను.